రిటర్న్ లోడు

బ్ర్నోలో మా తరగతి గది రెండో అంతస్తు.
కింద ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా
సుద్దముక్కల డబ్బా గలగలమనేది.

మొదటిరోజు కర్నల్ బొర్జివోయ్ స్కాలా
తుపాకీ ఊసే ఎత్తలేదు.
బల్లమీద ఒక రొట్టె పెట్టి
దీని బరువెంత, అన్నారు.
కిలో. కిలోంపావు. తొమ్మిదివందల గ్రాములు.
తల అడ్డంగా ఊపారు.
దీన్ని మోసిన లారీ,
లారీ తాగిన డీజిలు,
ఆ డీజిలు తెచ్చిన ఇంకో లారీ,
దాని డ్రైవరు తినే రొట్టె.
ఇప్పుడు చెప్పండి.

ఏడాదంతా ఆ ఒక్క రొట్టెనే తూచాం.

తర్వాత మేజోళ్ళ లెక్క వచ్చింది.
తడిసిన పాదం ఎన్ని గంటలకి మెత్తబడుతుంది,
మెత్తబడ్డ పాదం ఎన్ని మైళ్ళకి ఓడిపోతుంది.
యుద్ధాలు మేజోళ్ళ దగ్గర ఓడిపోతాయని
ఏ విగ్రహం కిందా రాసి ఉండదు.
లుబోర్ నవ్వాపుకోలేక బయటికి పంపబడ్డాడు.
చలికాలం శిక్షణలో ఐదోరోజు
నా దగ్గర ఒక జత అప్పడిగిందీ వాడే.

ఆఖరి పరీక్ష నోటితో చెప్పాలి.
వెయ్యిమంది. పన్నెండు రోజులు. ఒకటే వంతెన,
ఒక్కసారికి ఇరవై టన్నులకి మించి మోయదు.
నీళ్ళు, ఇంధనం, మందులు, గుళ్ళు,
నిమిషాలతో సహా పేర్చి ఇచ్చాను.
కర్నల్ కాగితం తిరగేశారు.
వెనక వైపు తెల్లగా ఉంది.
మరి తిరుగుప్రయాణం?
ఖాళీ లారీలే కదా సార్.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
ఖాళీ లారీ నేనింతవరకు చూడలేదమ్మా, అన్నారు.
మసిపట్టిన టైర్లు, తడిదుప్పట్లు,
పేలిన గుళ్ళ డొప్పలు,
పడుకోబెట్టి తేవలసినవాళ్ళు,
కూర్చోగలిగీ మాట్లాడనివాళ్ళు.
వాళ్ళకీ బరువుంటుంది.
వాళ్ళూ ఆ వంతెన మీంచే రావాలి.

గట్టెక్కే మార్కులు మాత్రం వేశారు.

లుబోర్ యూనిఫాంలోనే ఉన్నాడు,
ఎక్కడో తూర్పు సరిహద్దు గోదాములో.
ఫోన్ చేస్తే చలి సంగతి తప్ప ఏదీ చెప్పడు.
ఇవెతాది కార్ల ఫ్యాక్టరీ.
కారు వచ్చే పదకొండు నిమిషాల ముందు సీటు రావాలి.
పన్నెండయితే, సైన్యంలో కూడా వినని తిట్లు వింటానంటుంది.
యోహానా జిబూతి రేవులో
కరువు సీమకి వెళ్ళే గోధుమ బస్తాలు లెక్కపెడుతోంది.
చీమలు తినేదానికి కూడా ఒక గడి ఉందట ఫారంలో.

నేను ఒలొమౌత్స్‌లో రక్తం పంపుతాను.
సైన్యం చదువు చదివి చివరికి రక్తం పనిలోనే కుదిరావు,
మా ఇంటి ఓనరమ్మ హాస్యం అది.
ప్లేట్‌లెట్ల ఆయుష్షు ఐదు రోజులు.
ఫ్రిజ్‌లో పెట్టకూడదు.
ఉయ్యాల్లో చంటిదాన్నిలా ఊపుతూనే ఉండాలి.

నిన్న రాత్రి యెసెనిక్ కనుమలో మంచు.
నాలుగు సంచులిచ్చి బొహ్దాన్‌ని పంపాను,
చక్రాలకి గొలుసులు కట్టించి,
రెండో దారి కాగితం మీద గీసిచ్చి.
దారి తెరుచుకుంది. బండి వేళకే చేరింది.
అంతా నేను పేర్చినట్టే జరిగింది.

తెల్లవారుజామున బండి తిరిగొచ్చింది.
పెట్టెలో మూడు సంచులున్నాయి.
ఫారంలో రాశాను:
వెళ్ళినవి నాలుగు. వాడినది ఒకటి.
కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
బొహ్దాన్‌ని అడిగితే
మెట్లమీద ఎవరో కూర్చుని ఉన్నారు, అన్నాడు అంతే.

గడి వదిలేసి ఫోనందుకున్నాను.
మూడు సంచులకీ రేపటితో గడువు.
షుంపెర్క్‌లో ఇద్దరికి కావాలట,
ప్రోస్త్యేయోవ్‌లో ఒకరికి.
మధ్యాహ్నం లోపల చేర్చాలి.
ఇంజను ఆపొద్దని చేత్తో సైగ చేశాను.

బొహ్దాన్ స్టీరింగు మీద కాగితం పరిచి
రొట్టె తింటున్నాడు.
అదీ లెక్కలో వేశాను.